గుడ్డెలుగు చెవిలో చెప్పిన భయం

మా కాలేజీ డ్రిల్ సారు పోయిన సోమవారం పొద్దున చనిపోయారు. ఆయన గురించి ఏడుపు ఆరిన తర్వాత, నిదానంగా రాయాలనుకున్నాను. కాని ఇప్పుడే రాయవలసి వచ్చింది. గ్రౌండు దగ్గర ఆయన పేరుతో ఒక రాతి పలక నిలబెట్టబోతున్నారు. దాని మీద చెక్కించబోయే కథ నిజం కాదు. ఆ కథ రాతికి ఎక్కిందంటే మా కాలేజీలో ఆడపిల్లల కబడ్డీ జట్టు ఇక లేనట్టే. నాకు భయంగా ఉంది. భయం తగ్గేదాకా ఆగితే ఆలస్యమైపోతుంది.

కబురు తెచ్చింది మా చెల్లె. అది ఆ కాలేజీలోనే పీయూసీ చదువుతున్నది. నేను సిరిసిల్ల దగ్గర ఒక చిన్న బడిలో పంతులమ్మను. పిల్లలు ఎక్కాలు అప్పజెప్తుంటే వచ్చి గుమ్మంలో నిలబడింది. బస్సు దిగి పరుగెత్తుకొచ్చినట్టుంది, రొప్పుతున్నది. దాని ముఖం చూసి నా చేతిలో బలపం జారిపోయింది.

"బాపుకేమన్న అయిందా?"

"బాపు మంచిగనే ఉన్నడు. డ్రిల్ సారు పోయిండక్కా."

మేము కరీంనగర్ చేరేసరికి సారు ఇంటి ముందు డప్పులు మోగుతున్నాయి. పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. అందరూ మగవాళ్లే. చేతులెత్తి ఒక్క గొంతుతో అరుస్తున్నారు. "గుడ్డెలుగుల సారుకూ జై!" మా దిక్కు ఎలుగుబంటిని గుడ్డెలుగు అంటాం. మా కాలేజీ కబడ్డీ జట్టు పేరు అదే.

సారు భార్యను మేమంతా అమ్మా అని పిలిచేవాళ్లం. ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. నన్ను చూసి ఏడవలేదు. చెయ్యి పట్టి దగ్గరికి లాగి చెవిలో అన్నది, "గా అరుపులు బంద్ చెయ్యమను బిడ్డా. ఆయనకు పడదు. జర నువ్వన్న చెప్పు."

నేను బయటికి వెళ్లి, ముందు నిలబడ్డ ఒక పెద్దమనిషికి చెప్పాను. ఆయన ఒకప్పుడు మగపిల్లల జట్టు కెప్టెను. నా వైపు జాలిగా చూశాడు.

"ఏందమ్మా, మా సారు గుడ్డెలుగును ఒట్టి చేతులతోని కొట్టినోడు. అరుపులకు భయపడ్తడా?"

మళ్లీ జై కొట్టారు. పాడె లేచింది. అంత మంది గొంతుల మధ్య ఆయన ముఖం ఆకాశం వైపు ఉంది. బతికి ఉంటే ఆ గోలకు ముఖం పక్కకు తిప్పుకునేవారు. ఇప్పుడు తిప్పుకోలేరు. 

ఆయన్ను ఎరగనివాళ్ల కోసం చెబుతాను. చాలా పొడుగు మనిషి, ఇంటి వాసంలా సన్నగా ఉండేవారు. విజిల్ మెడలో వేసుకునేవారు కాదు. చేతిరుమాల్లో చుట్టి జేబులో పెట్టుకునేవారు, చిన్న పిట్టను దాచుకున్నట్టు. ఊదవలసి వస్తే మెల్లగా ఊదేవారు. నిజాం కాలంలో చదివిన మనిషి కనుక డ్రిల్లులో "హోషియార్" అనేవారు. అది మాని "సావధాన్" అనాలని హుకుం వచ్చింది. చాలా రోజులు రెండూ కలిసిపోయి "హోషి... సావధాన్" అనేవారు. మేము నవ్వితే ఆయనా నవ్వేవారు. గ్రౌండులో గీతలు ఎవరినీ గీయనిచ్చేవారు కాదు. హోటల్ పొయ్యిలోని బూడిద జల్లించి తెచ్చి, వంగి, తానే పోసేవారు.

ఇంకొక అలవాటు ఉండేది. ఆట మొదలు కాగానే ఆయన కోర్టుకు వీపు తిప్పి, మూలనున్న వేపచెట్టు వైపు ముఖం పెట్టి నిలబడేవారు. ఆట అయ్యేదాకా అంతే. కూత వింటూ మాత్రమే ఎవరు ఎక్కడ ఉన్నారో, ఎవరి ఊపిరి అయిపోతున్నదో చెప్పేవారు. కొందరు అది నిష్ఠ అన్నారు, కొందరు పొగరన్నారు. నేను చాలా కాలం మొక్కు అనుకున్నాను.

మా ఇంట్లో అక్షరం ముట్టిన మొదటి మనిషిని నేను. మా బాపు గుంట మగ్గం నేస్తాడు. కాలేజీలో చేరిన నాడు నేను గేటు దాటలేకపోయాను. లోపలంతా ప్యాంట్లు, బూట్లు, పెద్ద పెద్ద మాటలు. చేతిలో సర్టిఫికెట్టు పట్టుకుని గేటు బయటే నిలబడ్డాను. ఒక పొడుగాటి మనిషి వచ్చి నా ముందు ఆగాడు.

"ఏం బిడ్డా, ఊపిరి తీసుకుంటలేవు?"

నిజంగానే తీసుకోవడం లేదు. ఆయన చెప్పాకే తెలిసింది.

"భయమైతుందా? అయితే కానియ్యి. భయపడు, గని ఊపిరి ఇడువకు. రా."

అట్లా ఆయన వెనుక గేటు దాటాను. కొన్ని వారాలకే కాలేజీలోని ఆడపిల్లలందరినీ చెట్టు కిందికి పిలిచి కబడ్డీ ఆడతారా అని అడిగారు. ఉన్నదే కొద్దిమందిమి. ఏడుగురం చెయ్యెత్తాం. నేను చెయ్యెత్తింది ధైర్యంతో కాదు, పక్కనున్న బాలమణి నా మోచెయ్యి పట్టి లేపింది. బాలమణిది జమ్మికుంట. వాళ్ల నాయన పత్తి యార్డులో తూకం వేసేవాడు. మా అందరిలో దానికే గొంతు ఎక్కువ.

మా మొదటి ఆట మా గ్రౌండులోనే, టీచర్ ట్రైనింగు పిల్లలతో. ఓణీలు నడుముకు బిగించి వెళ్లాం. చుట్టూ గోడ మీద మనుషులు, చెట్ల మీద మనుషులు. ఆడపిల్లలు కబడ్డీ ఆడుతున్నారని ఊరంతా తెలిసిపోయింది. బాలమణి కూత మొదలు పెట్టగానే గోడలన్నీ ఒక్కసారి అరిచాయి. "పట్టురో! పోరిని పట్టురో!" ఈలలు. ఎవడో చెప్పు విసిరాడు. అది గీత మీద పడి బూడిద లేచింది.

మేము ఆడలేదు. ఎవరం ముందు పరుగెత్తామో తెలియదు. సామాన్ల గదిలోకి దూరి లోపల గొళ్లెం పెట్టుకున్నాం. చీకట్లో ఒకరి నోరు ఒకరం మూశాం. బయట గోల ఇంకా పెరిగింది. తలుపు తట్టిన చప్పుడైంది.

"నేనే బిడ్డా, సారును. తలుపు తియ్యుండ్రి. నన్ను సుత లోపటికి రానియ్యుండ్రి."

తీశాం. లోపలికి వచ్చి ఆయనే మళ్లీ గొళ్లెం పెట్టారు. గోనెసంచుల మీద కూర్చుని మోకాళ్ల మధ్య తల పెట్టుకున్నారు. మమ్మల్ని ఓదార్చడానికి వచ్చారనుకున్నాం. చూస్తే, చొక్కా వీపంతా తడిసిపోయి ఉంది.

తరువాత కాలేజీలో మేము ఎవరికీ ముఖం చూపించలేకపోయాం. ఆట మానేస్తామని చెప్పాం. సారు సరే అనలేదు, వద్దనలేదు. ఒకనాడు పొద్దున్నే అందరినీ వేపచెట్టు దగ్గరికి రమ్మన్నారు. వెళ్లి చూస్తే అక్కడ ఒక ముసలాయన, ఆయన చేతిలో తాడు, తాడు చివర గుడ్డెలుగు.

మా దిక్కు పిల్లలు దడుసుకుంటే గుడ్డెలుగు మీద కూర్చోబెడతారు. కోతలయ్యాక దాన్ని ఆడించేవాళ్లు ఊళ్ల మీదికి వస్తారు. సోలెడు బియ్యం పోసి, దాని వెంట్రుక ఒకటి అడిగి తాయెత్తులో వేసి కడతారు. చిన్నప్పుడు మా అవ్వ నాకూ కట్టింది. కాని కాలేజీ చదివే ఆడపిల్లలకు, కాలేజీ గ్రౌండులో దడుపు తీయించిన సారు ఇంకెక్కడా ఉండడు.

"ఎక్కుండ్రి బేటీ" అన్నాడు ముసలాయన. "భయమేందో దాని చెవుల చెప్పుండ్రి. అది మోసుకపోతది."

ఎవరూ కదలలేదు. బాలమణే నోరు తెరిచింది.

"సారూ, ముందుగాల మీరెక్కుండ్రి."

సారు ముఖంలో రంగు పోయింది. మేము నవ్వబోయి ఆగిపోయాం. ఆయన చెయ్యి చాపితే వేళ్లు వణుకుతున్నాయి. ముసలాయన చూశాడు.

"సాబ్, పిల్లలకంటే మీకే ఎక్కువున్నది దడుపు."

"ఉన్నది" అన్నారు సారు. అంతే అన్నారు.

వంగి దాని చెవిలో ఏదో చెప్పారు. చాలాసేపు చెప్పారు. తర్వాత కాలు అటు వేసి కూర్చోబోయారు. అంత పొడుగు మనిషికి రెండు పాదాలూ నేల మీదే ఉన్నాయి. ముసలాయన తాడు లాగాడు. గుడ్డెలుగు ఆయన కాళ్ల మధ్యలోంచి మెల్లగా నడిచి వెళ్లిపోయింది. సారు కాళ్లు ఎడంగా పెట్టుకుని, కింద ఏమీ లేకుండా, కళ్లు మూసుకుని అట్లాగే నిలబడి ఉన్నారు.

"సారూ, అది ఎప్పుడో పోయింది" అన్నది బాలమణి.

అప్పుడు నవ్వాం. సామాన్ల గది తర్వాత మేము నవ్వడం అదే మొదలు.

ఆ సమయంలో గోడ అవతల ఇద్దరు ముగ్గురు మగపిల్లలు ఉన్నారు. వాళ్లకు వేపచెట్టు అడ్డం. ముసలాయన కనపడలేదు, మేమూ కనపడలేదు. గుడ్డెలుగు మీద కాళ్లు చాపి నిలబడ్డ సారు ఒక్కరే కనపడ్డారు. తర్వాత అది ఆయన కాళ్ల సందు నుంచి తప్పించుకుని పోతుండగా చూశారు. పలక మీద చెక్కించబోతున్న వీరగాథ పుట్టింది అక్కడే. సాయంత్రానికి అది ఆదిలాబాద్ అడవి దాకా పాకింది.

తర్వాత మేము ఒక్కొక్కరం ఎక్కాం. దాని మెడ మీద బొచ్చు గరుకుగా ఉంది. తడి మట్టి వాసన. నేను వంగి చెవిలో చెప్పాను. ఏం చెప్పానో ఇక్కడ రాయను. చెబుతున్నప్పుడు నా మోకాళ్ల కింద అది వణకడం తెలిసింది. దిగి సారుకు చెప్పాను.

"వణుకుతది మరి. ముక్కుల తాడు చూడు. మనకంటె అదే ఎక్కువ భయపడుతున్నది" అన్నారు. తాను తెచ్చుకున్న సద్దిరొట్టె మొత్తం దాని ముందు పెట్టారు.

మా రెండో ఆట ఆదిలాబాద్‌లో. బస్సులో గోదావరి దాటి వెళ్లాం. సారు గుడ్డెలుగును లొంగదీశాడన్న కథ మాకంటే ముందే వెళ్లింది. మేము దిగగానే అక్కడి పిల్లగాళ్లు అందుకున్నారు. "గుడ్డెలుగులు అచ్చినయ్ రో! ముక్కుతాడేదిరో!" బాలమణి కళ్లలో నీళ్లు తిరిగాయి. సారు దాని తల మీద చెయ్యి పెట్టారు.

"ఇచ్చిన పేరు కాదనకు. పెట్టుకో. గుడ్డెలుగును చూస్తె మనిషి భయపడుతడు, మనిషిని చూస్తె గుడ్డెలుగు భయపడుతది. ఇద్దరు సమానమే. ఇగ గీత చూసుకో. భయం లేనోడు గీత చూసుకోడు, గందుకే అవుటయితడు."

ఆనాడు మేము ఓడిపోయాం. కాని ఎవరం గీత దాటి పారిపోలేదు. గోల మధ్య ఆయన వీపు చూస్తూ ఆడాం. ఆ వీపు కదలకపోతే మేమూ కదలమనుకున్నాం.

ఇంటికి వచ్చి బాపుకు ఈ పేరు చెప్పాను. కోప్పడతాడేమోనని బెదురుతూ చెప్పాను. బాపు రెండు రోజులు మగ్గం గుంటలోనే ఉన్నాడు. మూడోనాడు మగ్గం మీంచి ఒక జెండా బట్ట కోసి ఇచ్చాడు. మధ్యలో నల్లదారంతో గుడ్డెలుగును నేశాడు. దానికి కొమ్ములొక్కటే తక్కువ.

"బాపూ, గిది బర్రె లెక్కున్నది."

"నేనెన్నడన్న గుడ్డెలుగును దగ్గర కెల్లి చూసిన్నా? భయానికి కళ్లు మూసుకునేటోన్ని."

ఆ జెండాతోనే మరుసటేడు గెలిచాం. గెలిచాక మగపిల్లల జట్టు కూడా ఆ పేరు పెట్టుకుంది. జెండా కూడా తీసుకుంది. మేము చదువులు ముగించి, పెళ్లిళ్లయి, తలా ఒక దిక్కు పోయాం. పేరు కాలేజీలో నిలిచింది. అది ఎవరిదో మాత్రం అందరూ మరిచిపోయారు.

సారు మంచం పట్టాక ఒకసారి చూడడానికి వెళ్లాను. గోడ వైపు తిరిగి పడుకున్నారు. నా గొంతు విని, తిరగకుండానే, "పంతులమ్మా, నీ ఊపిరి చిన్నగైంది. బడిల గట్టిగ చెప్తలేవు" అన్నారు. ఆనాడు అడిగాను, గుడ్డెలుగుకు ఏం చెప్పారని.

ఆయన వేలితో గోడ మీద ఒక గీత గీశారు. తర్వాత చెప్పారు. పోలీసు చర్యకు ముందు, ఊళ్లన్నీ అల్లకల్లోలంగా ఉన్న రోజుల్లో, ఒకనాడు వాళ్ల ఊరి మీదికి ఒక గుంపు అరుస్తూ వచ్చిందట. ఎవరు, ఏ దిక్కువాళ్లు అన్నది ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

"జొన్న చేన్ల కూసున్న బిడ్డా. వాళ్లు పక్కకెల్లే నడుస్తున్నరు. ఊపిరి తీస్తె ఆకు కదులుతది. బిగవట్టిన. గప్పటికెల్లి నలుగురు ఒక్కతీరు అరిస్తె నాకు గా చేనే యాదికస్తది. చెట్టు దిక్కు మొఖం పెట్టుకుంటె చేను కనవడదు. మీకు నేర్పిన ఊపిరి గా చేన్ల నేర్చుకున్నదే."

"మరి మీరు ఎలుగును కొట్టిన్రని అందరూ అంటుంటె కాదని చెప్పరేంది సారూ?"

"మస్తుసార్లు చెప్పిన. భయపడ్డనంటె నవ్వుతరు. కొట్టిన్నంటె నమ్ముతరు. నువ్వు మాత్రం ఫికర్ చెయ్యకు."

కాని ఇప్పుడు ఫికర్ చేయక తప్పడం లేదు. సారు మంచాన పడ్డ నాటి నుంచి ఆడపిల్లల జట్టును ఆపేశారు. చెల్లె, దాని స్నేహితురాళ్లు ఆడతామంటే ఆటల కమిటీ వద్దంది. నేను వెళ్లి అడిగాను. కుర్చీలో ఉన్న ఆయన మర్యాదగానే మాట్లాడాడు.

"మీరప్పుడు ఏదో సరదాకు ఆడినట్టున్నరు. జట్టు అంటె మగపిల్లలదే. పేరు సుత వాళ్లదే, సారు గుడ్డెలుగును కొట్టిన కెల్లి అచ్చిన పేరు. పలక మీద గదే రాస్తున్నం. కాదంటరా, మొదటి జట్టోళ్లు ఇంకిద్దరు ముగ్గురన్న చెప్పాలె గద. మీరొక్కరంటె ఎట్లనమ్మా?"

తిరిగి వస్తుంటే ఆ మాటే వెంట వచ్చింది. ఆయన భయాన్ని తీసేసి రాయి నిలబెడితే, ఆయనతో పాటు గొళ్లెం పెట్టుకుని కూర్చున్న మేము కూడా ఉండం. మేము లేకపోతే మా చెల్లెకు గీత గీసేవాళ్లే ఉండరు.

భైంసాకు వెళ్లాను. బాలమణి అక్కడే కాపురముంటున్నది. నన్ను చూడగానే సంతోషపడి, వెంటనే వెనక్కి తిరిగి ఇంట్లోకి చూసింది. గుమ్మం దాటి వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నీ కాళ్లు మొక్కుత, మెల్లగ మాట్లాడవే. నేను కబడ్డీ ఆడిన్నని మా అత్తకు తెల్వది."

ఒకప్పుడు గోదావరి అవతలికి వినబడేటట్టు కూత పెట్టిన పిల్ల. సారు పోయిండని చెబితే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది, చప్పుడు కాకుండా. దాని చంకలో చిన్న బిడ్డ. బిడ్డ మెడలో పాత రాగి తాయెత్తు. నేను దాన్ని చూస్తున్నానని చూసి, బాలమణి తాయెత్తును పిడికిట్లో మూసింది. మళ్లీ మెల్లగా తెరిచింది.

"గా గుడ్డెలుగు వెంట్రుకనే" అన్నది. 

దాన్ని తప్పు పట్టను. ఈ నాలుగు ముక్కలు రాసి పంపాలంటే నాకే భయమవుతున్నది. పంతులమ్మకు ఇవన్నీ ఎందుకని బడిలో అడుగుతారు. మా వాడలో వేరే తీరుగా అడుగుతారు. బాపు మాత్రం "రాయి బిడ్డా, గని బర్రె సంగతి రాయకు" అన్నాడు. ఆ మాట వినలేదు.

నిన్న సాయంత్రం చెల్లెతో గ్రౌండుకు వెళ్లాను. గీతలు చెరిగిపోయాయి. పలక కోసం తవ్విన గుంత నోరు తెరుచుకుని ఉంది. చెల్లె హోటల్ నుంచి బూడిద అడిగి తెచ్చి, వంగి, గీత పోసింది. వంకరగా వచ్చింది. గోడ మీద అప్పుడే ఎవరో చేరారు. ఒక ఈల వినిపించింది. చెల్లె నా వైపు చూసింది. నేను వెళ్లి వేపచెట్టు ముందు నిలబడ్డాను, కోర్టుకు వీపు పెట్టి. సారు నుదురు ఆనించిన చోట బెరడు నున్నగా అయింది. వెనుక చెల్లె కూత మొదలైంది. ఈలలు పెరిగాయి. కూత సన్నబడింది, వణికింది. తెగలేదు. నేను ఊపిరి బిగబట్టి వింటూ నిలబడ్డాను.

నాతో పాటు ఆ గుడ్డెలుగు చెవిలో భయం చెప్పుకున్న ఆరుగురూ, మీరు ఎక్కడున్నా ఇది మీకు చేరాలి. కార్తీక పున్నమి మర్నాడు కమిటీ కూర్చుంటుంది. ఆ తర్వాత రాయి నిలబెడతారు. భయపడుతూనే రాయండి. "నేనూ ఉన్నాను" అని ఒక్క కార్డు ముక్క చాలు, ఈ పత్రికకే పంపండి. కార్తీక పున్నమి లోపల.